సియాహా పుస్తకాలు తెరిచేదెవరు?

హైదరాబాద్ పాతబస్తీలో పసిపిల్లల నిఖాలు చదివిన ఖాజీలపై స్వతంత్ర విచారణ జరగాలి. వాళ్లను నియమించింది ప్రభుత్వమే కాబట్టి, జరిపించాల్సిందీ ప్రభుత్వమే.

మన దేశంలో నాలుగే నాలుగు సెక్షన్లున్న చట్టం ఒకటుంది. 1880 నాటి ఖాజీల చట్టం. తెల్లదొరల కాలంలో పుట్టి నేటికీ అమల్లో ఉంది. ఒక ప్రాంతంలో ముస్లింలు తమకు ఖాజీ కావాలని కోరుకుంటే, అక్కడి పెద్దలను సంప్రదించి తగిన మనిషిని ప్రభుత్వమే నియమించవచ్చని దాని రెండో సెక్షన్ చెబుతుంది. అదే సెక్షన్‌లో మరో మాట ఉంది. విధి నిర్వహణలో తప్పు చేసిన ఖాజీని ప్రభుత్వం సస్పెండ్ చేయవచ్చు, తొలగించవచ్చు కూడా.

పాతబస్తీ సంగతి మాట్లాడేటప్పుడు ఈ రెండో సెక్షన్ ఎవరికీ గుర్తుకు రాదు. మైనరు పిల్లను తాత వయసున్న పరదేశికి కట్టబెట్టారన్న వార్త వచ్చినప్పుడల్లా షేక్ గురించి మాట్లాడతాం, దల్లాల్‌ను తిడతాం, తండ్రి తాగుడు గురించో తల్లి అమాయకత్వం గురించో నిట్టూరుస్తాం. నిఖా చదివిన మనిషి దగ్గరకు వచ్చేసరికి గొంతు తగ్గుతుంది. అది మతం వ్యవహారం కదా, మనమెందుకు అనిపిస్తుంది. కానీ జీవో ద్వారా వచ్చిన పదవి మతం సొంత వ్యవహారం ఎలా అవుతుంది? చేతిలో సర్కారు గుర్తింపు ఉన్న సియాహా పుస్తకం, అంటే నిఖాల నమోదు పుస్తకం, పెట్టుకుని, అందులో ఒక పిల్ల వయసును తప్పుగా రాసిన ఖాజీ ప్రభుత్వం తరఫున రాసినట్టే.

అందుకే ఈ కథనం ఒక్క డిమాండ్ చుట్టూ తిరుగుతుంది. పాతబస్తీలో దశాబ్దాలుగా సాగిన 'అరబ్ షాదీ'ల్లో ఖాజీలు, నాయబ్ ఖాజీలు పోషించిన పాత్రపై ప్రభుత్వం స్వతంత్ర విచారణ కమిషన్ వేయాలి. పోలీసు కేసులు ఉన్నాయి కదా అంటారేమో. ఉన్నాయి. అవి ఎక్కడ ఆగిపోతాయో చూద్దాం.

ఫలక్‌నుమా నుంచి మస్కట్ దాకా

2017 ఆగస్టులో ఫలక్‌నుమా పోలీసుల దగ్గరకు ఒక తల్లి వచ్చింది. పదహారేళ్ల తన కూతురిని ఒమన్ నుంచి వచ్చిన ముసలి షేక్‌కు నిఖా చేసి మస్కట్ పంపేశారని, చేసింది దగ్గరి బంధువులేనని ఆమె ఫిర్యాదు. ఐదు లక్షల రూపాయలు చేతులు మారాయని ఆరోపణ. విషయం ఢిల్లీ దాకా వెళ్లింది. అప్పటి కేంద్ర మహిళా శిశు సంక్షేమ మంత్రి మేనకా గాంధీ కల్పించుకున్నారు.

నెల తర్వాత, సెప్టెంబరులో, నగర పోలీసు కమిషనర్ మహేందర్ రెడ్డి విలేకరుల సమావేశం పెట్టారు. దక్షిణ మండలం డీసీపీ సత్యనారాయణ బృందం 20 మందిని పట్టుకుంది. వాళ్లలో ఎనిమిది మంది షేకులు: ఐదుగురు ఒమన్ వాళ్లు, ముగ్గురు ఖతార్ వాళ్లు. నలుగురు లాడ్జి యజమానులు, ఐదుగురు దల్లాళ్లు. మిగిలిన ముగ్గురూ ఖాజీలు. ఆ ముగ్గురిలో ఒకరు మన ఊరివాడు కూడా కాదు, ముంబయిలో ముఖ్య ఖాజీగా చలామణీ అవుతున్న పెద్దమనిషి. పాతబస్తీ పిల్లల పెళ్లి కాగితాలు అంత దూరంలో తయారవుతున్నాయన్న మాట.

మర్నాడు పత్రికల్లో షేకుల గురించే ఎక్కువగా వచ్చింది. పాఠకుడి కోపానికి ముసలి షేక్ సులువుగా దొరుకుతాడు. కానీ ఆ జాబితాను మరోసారి చదవండి. షేక్ వస్తాడు, పోతాడు. వాడు పోయాక ఇంకొకడు వస్తాడు. లాడ్జి మూస్తే పక్క వీధిలో ఇల్లు అద్దెకు దొరుకుతుంది. దల్లాల్ జైలుకెళితే వాడి చెల్లెలో బావమరిదో ఆ పని అందుకుంటారు. ఎవరు మారినా మారనిది ఒకటే, సంతకం. ఖాజీ సంతకం లేకపోతే ఈ మొత్తం తంతు పచ్చి వ్యాపారం. ఆ సంతకం పడగానే పెళ్లి. పోలీసు తలుపు తట్టినప్పుడు చూపించడానికీ, వీసా కిటికీ దగ్గర ఇవ్వడానికీ, ఇరుగుపొరుగు ముందు తల్లిదండ్రులు తలెత్తుకోవడానికీ ఆ ఒక్క కాగితం చాలు.

కాగితం ఎలా నడుస్తుంది

నిఖాకు నిజానికి కావలసింది తక్కువే. ఒకరి ప్రస్తావన, రెండోవారి అంగీకారం, ఇద్దరు సాక్షులు, మెహర్. పిల్ల తరఫున వలీ, అంటే సంరక్షకుడు. ఖాజీ ఖుత్బా చదువుతాడు, వివరాలు సియాహాలో నింపుతాడు: ఎవరి కొడుకు, ఎవరి కూతురు, వయసెంత, మెహర్ ఎంత, సాక్షులెవరు. దాని నకలు వక్ఫ్ బోర్డులోని ఖజాత్ విభాగానికి చేరుతుంది. విదేశాలకు వెళ్లేవాళ్లకు ఇంగ్లిషులో వివాహ ధ్రువపత్రం కావాలంటే నాంపల్లిలోని ఆ ఆఫీసుకే వెళ్లాలి. గల్ఫ్‌కు వెళ్లిన ఏ పాతబస్తీ కుటుంబాన్ని అడిగినా ఆ వరస చెబుతారు.

ఇందులో తప్పుకు చోటు ఎక్కడ? వయసు గడిలో. పదిహేను పద్దెనిమిదవుతుంది. దొంగ ఆధార్ కార్డో, దిద్దిన బడి సర్టిఫికెట్టో జత అవుతుంది. రెండోచోటు వరుడి గడి. అతనికి అక్కడ ఇప్పటికే భార్యలు ఎందరు, పిల్లలు ఎందరు, ఎన్ని రోజుల వీసా మీద వచ్చాడు, తిరుగు టికెట్ ఏ తేదీకి ఉంది? పర్యాటక వీసా మీద వచ్చి పది రోజుల్లో విమానం ఎక్కబోయేవాడు హైదరాబాద్‌లో సంసారం పెట్టడని ఖాజీకి వేరే ఎవరో చెప్పాలా?

మూడోది అన్నిటికన్నా దారుణం. నిఖా రోజే తలాఖ్ కాగితాల మీద కూడా సంతకం పెట్టించి ఉంచుకున్న ఉదంతాలు పోలీసుల, స్వచ్ఛంద సంస్థల దృష్టికి వచ్చాయి. షేక్ విమానం ఎక్కాక ఆ కాగితం పిల్ల చేతికొస్తుంది. కొందరు పిల్లలకైతే తలాఖ్ తర్వాత ఆగాల్సిన ఇద్దత్ గడువు కూడా గడవకముందే ఇంకో వరుణ్ని చూశారు. ఇక్కడ ఒక్క మాట. గడువు పెట్టుకుని చేసే పెళ్లిని, ముతాను, సున్నీ ఫిఖహ్ (ధర్మశాస్త్రం) ఒప్పుకోదు. పాతబస్తీలో ఈ పనికి దిగిన ఖాజీలు తాము చదువుకున్న గ్రంథాలకే ఎదురెళ్లారు. దీన్ని మతాచారం అనేవాళ్లు మతాన్నే అవమానిస్తున్నారు.

అన్నట్టు ఖాజీల చట్టం నాలుగో సెక్షన్ సంగతి చెప్పలేదు. నిఖాకు ఖాజీ హాజరు తప్పనిసరి కాదనీ, ప్రభుత్వం నియమించనివాళ్లు ఖాజీ పనులు చేయకుండా ఈ చట్టం అడ్డుపడదనీ అది చెబుతుంది. అంటే తలుపు వెనక నుంచి కూడా తెరుచుకునే ఉంది. నియామకం ఉన్న ఖాజీ ఒప్పుకోకపోతే లేనివాడు దొరుకుతాడు. ఇక్కడ ఎవరూ ఒప్పుకోకపోతే ముంబయి ఉంది. 1880లో ఆ మాట రాసినవాళ్లకు ఇంటింటి ఆచారాల్లో తలదూర్చకూడదన్న జాగ్రత్త ఉండి ఉంటుంది. దాని నీడలో ఏం పెరుగుతుందో వాళ్లు ఊహించలేదు. మనం కళ్లారా చూస్తున్నాం, అయినా ముట్టుకోలేదు.

అంతకు ముందు విమానంలో

ఈ కథ 2017లో మొదలైంది కాదు. 1991 ఆగస్టు. హైదరాబాద్ నుంచి ఢిల్లీ వెళుతున్న ఇండియన్ ఎయిర్‌లైన్స్ విమానంలో ఒక చిన్నపిల్ల ఏడుస్తూ కూర్చుంది. పక్కన అరవై ఏళ్ల సౌదీ దేశస్థుడు. ఎయిర్ హోస్టెస్ అమృతా అహ్లూవాలియా పిల్లను పలకరించింది, ఆరా తీసింది, ఊరుకోకుండా పైవాళ్లకు చెప్పింది. విమానం దిగేసరికి పోలీసులు సిద్ధంగా ఉన్నారు. పదేళ్లు దాటీ దాటని ఆ పాప పాతబస్తీ ఆటో డ్రైవర్ కూతురు. ఆమె పేరు అప్పట్లో దేశమంతా మోగింది. ఇక్కడ మళ్లీ రాయడం లేదు, ఆమె ఇప్పటికే ఆ పేరుకు చాలినంత మూల్యం కట్టింది.

పార్లమెంటులో గొడవైంది. పత్రికలు ముఖచిత్రాలు వేశాయి. ఆ సౌదీ మనిషి బెయిల్ తీసుకుని దేశం దాటిపోయాడు.

ఏడుస్తున్న పిల్లను చూసినవాళ్లు ఆ రోజు ఎంతమంది? ఇంట్లోవాళ్లు, సాక్షులు, వచ్చిన చుట్టాలు, విమానాశ్రయంలో టికెట్ చూసినవాళ్లు, తోటి ప్రయాణికులు. మాట్లాడింది మాత్రం ట్రేలు అందించే ఉద్యోగిని. ఆ పిల్ల ఎదురుగానో, పరదా అవతలో కూర్చుని నిఖా చదివిన మనిషి కూడా ఒకడు ఉండాలి కదా. ఆ గొడవంతటిలో చర్చంతా పేదరికం మీద, పెట్రో డాలర్ల మీద, షరియత్ మీద నడిచింది. చదివినవాడి పుస్తకంలో అలాంటి ఎంట్రీలు ఇంకెన్ని ఉన్నాయన్న ప్రశ్న చర్చలోకే రాలేదు.

నిజానికి అప్పటికి తొమ్మిదేళ్ల ముందే, 1982లో, సాగర్ సర్హదీ 'బజార్' తీశాడు. గల్ఫ్ డబ్బుకు అమ్ముడుపోయే హైదరాబాద్ అమ్మాయి కథ. స్మితా పాటిల్, నసీరుద్దీన్ షా, సుప్రియా పాఠక్ నటించారు. ఆ సినిమా పాటలు ఈ ఊరు ఇప్పటికీ కూనిరాగం తీస్తుంది. కథ మాత్రం గుర్తుంచుకోలేదు.

1991కీ 2017కీ మధ్య చట్టాలకు కొదవ లేదు. 2002లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ వివాహాల నమోదును తప్పనిసరి చేస్తూ చట్టం చేసింది. 2006లో బాల్య వివాహాల నిషేధ చట్టం వచ్చింది. దాని పదో సెక్షన్ ప్రకారం బాల్య వివాహం జరిపించినవాడికి రెండేళ్ల వరకు కఠిన జైలు, లక్ష దాకా జరిమానా. పన్నెండో సెక్షన్ ప్రకారం పిల్లను అమ్మి చేసిన పెళ్లి, అక్రమ రవాణా కోసం చేసిన పెళ్లి అసలు పెళ్లే కాదు. 2012లో పోక్సో. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ చెప్పకపోతే అది నేరం, జరగబోతోందన్న భయం ఉన్నా చెప్పి తీరాలి. మతగురువులకు అందులో మినహాయింపు ఏమీ లేదు. 2017 అక్టోబరులో సుప్రీంకోర్టు ఇండిపెండెంట్ థాట్ కేసులో తేల్చేసింది, పద్దెనిమిదేళ్లు నిండని భార్యతో సంగమం అత్యాచారమేనని. అంటే వయసు తెలిసీ ఆ సియాహా నింపిన చేయి దేనికి దారి తీస్తోందో ఆ తీర్పు తర్వాత ఎవరూ తెలియదనలేరు.

2024 అక్టోబరులో బాల్య వివాహాలపై సుప్రీంకోర్టు సుదీర్ఘమైన మార్గదర్శకాలిచ్చింది. వ్యక్తిగత చట్టాలపై ఈ చట్టానిదే పైచేయా కాదా అన్నది మాత్రం పార్లమెంటుకు వదిలేసింది. ఆ సందు ఉన్నంతకాలం వాదనలు సాగుతూనే ఉంటాయి. అయితే అమ్మకానికీ దొంగ వయసుకూ ఏ వ్యక్తిగత చట్టమూ గొడుగు పట్టదు.

పోలీసు కేసు ఎక్కడ ఆగుతుంది

పోలీసులను తప్పుపట్టడం నా ఉద్దేశం కాదు. 2015 జనవరిలో ఇదే దక్షిణ మండలం పోలీసులు గాజుల కార్ఖానాల నుంచి వందలమంది బిహారీ పిల్లలను విడిపించారు. 2017 అరెస్టులు కూడా గట్టి పనే. కానీ ఎఫ్‌ఐఆర్ స్వభావమే వేరు. అది ఒక పిల్ల పేరుతో మొదలై ఆ పిల్ల కేసుతోనే ముగుస్తుంది. ఈలోగా తల్లి మనసు మారుతుంది, బంధువులు కూర్చోబెట్టి మాట్లాడతారు, పిల్లకు మరో సంబంధం చూస్తారు, సాక్షి ఇల్లు మారుతాడు. ఒక్క కేసు కూలిపోతే అందులో ఖాజీ పాత్ర కూడా దాంతోపాటే కూలిపోతుంది. అతను మళ్లీ అదే పుస్తకం తెరుస్తాడు.

పుస్తకాన్ని మొత్తంగా చూసే పని ఏ ఎస్ఐదీ కాదు. ఒక ఖాజీ పరిధిలో పదేళ్లలో పరదేశీ వరులతో ఎన్ని నిఖాలు జరిగాయి, ఎన్నిటికి అదే ఇద్దరు సాక్షులు, అదే లాడ్జి చిరునామా, అవే నెలల్లో అవే తలాఖ్‌లు? వక్ఫ్ బోర్డులోని నకళ్లను, విదేశీయుల నమోదు కార్యాలయం రికార్డులను, పాస్‌పోర్టు దరఖాస్తుల్లోని పుట్టిన తేదీలను ఒక బల్ల మీద పరిచి పోలిస్తే చాలు, చాలా కథలు వాటంతటవే బయటపడతాయి. దానికి కావలసింది సమయం, ఉర్దూ చదవగలిగిన ఆడిటర్లు, ఎవరినైనా పిలిపించే అధికారం.

ఇలాంటి పని మన దేశంలోనే జరిగింది. బిహార్‌లోని ఆశ్రయ గృహాలను టాటా సామాజిక శాస్త్రాల సంస్థకు చెందిన 'కోశిష్' బృందం ఆడిట్ చేసింది. ముజఫర్‌పూర్ బాలికల గృహంలో జరుగుతున్న ఘోరాన్ని 2018లో బయటపెట్టింది ఆ ఆడిటే. అప్పటిదాకా ఆ గృహానికి అధికారులు వచ్చారు, తనిఖీలు చేశారు, సంతకాలు పెట్టి వెళ్లారు. బయటినుంచి వచ్చినవాళ్లు పిల్లలతో కూర్చుని మాట్లాడాకే నిజం తెలిసింది. సుప్రీంకోర్టు పర్యవేక్షణలో సీబీఐ విచారణ, 2020లో ఆ గృహం నిర్వాహకుడికి యావజ్జీవం.

స్వతంత్ర కమిషన్ ఏం చేయగలదో హైదరాబాద్‌కు కొత్తగా చెప్పక్కర్లేదు కూడా. అత్యాచార, హత్య కేసు నిందితులను కాల్చిచంపిన 2019 డిసెంబరు ఎన్‌కౌంటర్‌పై సుప్రీంకోర్టు నియమించిన సిర్పూర్‌కర్ కమిషన్, ఊరంతా పూలు చల్లిన పోలీసు కథనాన్నే నమ్మలేమని తేల్చింది. ఊరికి అప్పుడది రుచించలేదు. జనం మెప్పుతో పని లేదు కాబట్టే కమిషన్ ఆ మాట రాయగలిగింది.

ఇక కమిషన్ల ఇంకో ముఖం కూడా తెలుసు. కేరళ సినీరంగంపై జస్టిస్ హేమ కమిటీ 2019 చివర్లో నివేదిక ఇచ్చింది. బయటికొచ్చేసరికి 2024 ఆగస్టు. నాలుగేళ్లకు పైగా అల్మారాలో ఉంది. అందుకే కమిటీ అని పేరు పెడితే సరిపోదు. 1952 నాటి విచారణ కమిషన్ల చట్టం కింద వేయాలి. అప్పుడు సివిల్ కోర్టు మాదిరి ఎవరినైనా పిలిపించవచ్చు, ఏ రికార్డునైనా తెప్పించవచ్చు. అన్నిటికన్నా ముఖ్యం, నివేదిక అందిన ఆరు నెలల్లోగా దాన్ని, తీసుకున్న చర్యల పట్టికతో సహా, శాసనసభ ముందు పెట్టాలి. ఆరోపణ పడిన వ్యక్తికి తన వాదన వినిపించే హక్కు కూడా ఆ చట్టంలోనే ఉంది. తప్పు చేయని ఖాజీకి దీనికన్నా మంచి రక్షణ మరొకటి లేదు.

వాటికన్ గోడలు, బోస్టన్ పత్రిక

మతసంస్థల్లో పిల్లలపై నేరాల మీద ప్రభుత్వ విచారణ అనగానే ప్రపంచం ఐర్లాండ్, ఆస్ట్రేలియాల వైపు చూస్తుంది. అమెరికాలో 2002లో 'బోస్టన్ గ్లోబ్' పత్రిక మొదలుపెట్టిన కథనాలు చర్చి గోడలు కదిలించాయి. తర్వాత ఐర్లాండ్‌లో 2009లో ర్యాన్ నివేదిక, మర్ఫీ నివేదిక ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. పెన్సిల్వేనియా గ్రాండ్ జ్యూరీ 2018లో ఆరు డయోసిస్‌లకు చెందిన మూడు వందల మందికి పైగా గురువుల చరిత్ర తవ్వింది. ఆస్ట్రేలియా రాయల్ కమిషన్ అయితే ఐదేళ్లు పనిచేసి 2017 డిసెంబరులో 17 సంపుటాల నివేదిక, 409 సిఫారసులు ఇచ్చింది. ఎనిమిది వేల మంది దాకా బాధితులను ఒక్కొక్కరినీ విడిగా, తలుపులు మూసి, వాళ్లకు తోచినంతసేపు విన్నది. కోర్టు బోను కాదది, వాదించే లాయర్ ఉండడు. చెప్పడానికి ముప్పై ఏళ్లు పట్టినవాళ్లు కూడా వచ్చి చెప్పారు. మనం తెచ్చుకోవలసింది ఆ పద్ధతి.

ఆ దేశాలన్నిటా బయటపడ్డ నమూనా ఒకటే. తప్పు చేసిన గురువును మరో ఊరికి బదిలీ చేశారు, కాగితాలు తమ దగ్గరే దాచారు, సంస్థ పరువే పిల్లకన్నా ముఖ్యమనుకున్నారు. సొంత విచారణల వల్ల నిజం రాలేదు. ప్రభుత్వమో కోర్టో బీరువా తాళం అడిగినప్పుడే వచ్చింది.

ఆ చర్చి కథ మనకు అంత దూరమేమీ కాదు. హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్లిన ఒక కథోలిక గురువు సౌత్ డకోటాలోని రాపిడ్ సిటీలో పదమూడేళ్ల బాలికపై నేరం చేసి 2018 అక్టోబరులో అరెస్టయ్యాడు. 2019 మార్చికల్లా ఆరేళ్ల శిక్ష పడింది. ఆర్నెల్లలోపే. కేరళలోని కొట్టియూర్ చర్చి వికార్‌కు అదే ఏడాది పోక్సో కోర్టు 20 ఏళ్లు వేసింది, హైకోర్టు తర్వాత పదికి తగ్గించింది. ఆశ్రమం నడిపిన ఆసారాం బాపు 2018 నుంచి యావజ్జీవ ఖైదీ. మన పల్లెల్లో జోగినీ వ్యవస్థ సంగతి చెప్పనే అక్కర్లేదు. దేవదాసీ అంకితాన్ని నిషేధిస్తూ 1988లో ఉమ్మడి రాష్ట్రం చట్టం చేసినప్పుడు, పిల్లను వదిలే తంతు జరిపించినవాళ్లను కూడా నేరస్థుల్లో చేర్చారు. కాబట్టి పూజారైనా పాస్టరైనా ఖాజీ అయినా, తంతు నడిపినవాడికి బాధ్యత ఉంటుందన్న సూత్రం ఈ నేలకు పాతదే.

మూడు అభ్యంతరాలు, మూడూ బరువైనవే

ఒకటి, ఇది ముస్లింలను వేలెత్తి చూపడానికి ఆయుధం అవుతుందన్న భయం. ఆ భయం ఉత్తది కాదు. పాతబస్తీని తిట్టడానికి సాకు వెతికేవాళ్లు ప్రతి ఎన్నికలోనూ ఉంటారు. పిల్లల బాధ వాళ్లకు అక్కర్లేదు. అందుకని విచారణే వద్దంటే, ఆ పిల్లల్ని రెండుసార్లు వదిలేసినట్టు. నా ఉద్దేశంలో మార్గం ఒకటుంది. విచారణ పరిధిని మతంతో కాకుండా అధికారంతో గీయాలి. పెళ్లి జరిపించడానికీ ధ్రువపత్రం ఇవ్వడానికీ రాష్ట్రం ఎవరెవరికి అధికారం ఇచ్చిందో వాళ్లంతా పరిధిలోకి రావాలి. ఖాజీల చట్టం కింద ఖాజీలు, 1872 నాటి క్రైస్తవ వివాహ చట్టం కింద లైసెన్సు పొందిన పాస్టర్లు, దేవాదాయ శాఖ ఆలయాల్లో పెళ్లి రసీదులు ఇచ్చేవాళ్లు. పని మాత్రం పాతబస్తీ నుంచే మొదలవ్వాలి. మూడు దశాబ్దాలుగా చిక్కుముడి అక్కడే పడి ఉంది.

ఇందులో ఒక ప్రమాదం ఉందని ఒప్పుకోవాలి. అందరినీ చేరిస్తే విచారణ ఎక్కడా లోతుకు దిగకుండా తేలిపోవచ్చు. అందుకే మొదటి నివేదికకు గడువు పెట్టి, అది సియాహాల మీదే ఉండాలని నియామక ఉత్తర్వులోనే రాయాలి.

రెండో అభ్యంతరం పేదరికం. తిండికి లేనివాళ్లు పిల్లను అమ్ముకున్నారు, ముందు ఆ లేమిని తీర్చండి అంటారు. ఈ మాట వినీ వినీ విసుగొచ్చింది. లేమి తండ్రి చేసిన పనిని కొంతవరకు వివరిస్తుంది. ఖాజీ చేసిన పనిని ఎలా వివరిస్తుంది? అతను పస్తులుండి సంతకం పెట్టలేదు కదా. పైగా ప్రభుత్వానికి వయసు చూడటం రాదని కూడా అనలేం. 2014 అక్టోబరు 2న మొదలైన షాదీ ముబారక్ పథకంలో 51 వేలతో మొదలుపెట్టి తర్వాత లక్షా 116 దాకా ఇస్తున్నారు. పెళ్లికూతురికి పద్దెనిమిది నిండినట్టు రుజువులు చూడకుండా రూపాయి కదలదు. తన ఖజానా నుంచి డబ్బు పోయేటప్పుడు అంత పట్టుగా చూసే సర్కారు, తను నియమించిన మనిషి పుస్తకంలో అదే వయసును ఎందుకు చూడదు?

మూడోది అన్నిటికన్నా కష్టమైనది. ఆ పిల్లలు ఇప్పుడు తల్లులు. కొందరు మళ్లీ పెళ్లి చేసుకున్నారు, పిల్లల్ని బడికి పంపుతున్నారు, పాత సంగతి అత్తింట్లో తెలియదు. విచారణ పేరుతో గల్లీలోకి కారు వస్తే వాళ్ల బతుకులు మళ్లీ రోడ్డున పడతాయి. ఈ భయాన్ని కొట్టిపారేసేవాడికి పాతబస్తీ గల్లీ తెలియదన్నమాటే. అక్కడ కొత్త చెప్పుల చప్పుడు కూడా ఎవరిదో పసిగడతారు. కాబట్టి కమిషన్ వాళ్ల దగ్గరకు వెళ్లకూడదు. వాళ్లు రావాలనుకుంటే రావడానికి దారి ఉండాలి. సుల్తాన్ షాహీ ప్రాంతంలో రెండు దశాబ్దాలుగా జమీలా నిషాత్ నడుపుతున్న 'షాహీన్' లాంటి సంస్థలకు ఆ గుమ్మాలు తెలుసు, ఆ దఖ్నీ తెలుసు, ఎప్పుడు ఊరుకోవాలో కూడా తెలుసు. వాంగ్మూలం ఇచ్చినవాళ్ల మాటలను వాళ్ల మీదే ప్రయోగించకుండా కమిషన్ల చట్టం ఆరో సెక్షన్ కొంత అడ్డు నిలుస్తుంది. మిగతాది పేర్లు మూసేసిన ఫైళ్లు, ఆడ అధికారులు, ఆసుపత్రి చిరునామాతోనో కుట్టు కేంద్రం పేరుతోనో జరిగే కలయికలు.

అసలు ఆ పిల్లల సాక్ష్యం లేకుండానే చాలా దూరం పోవచ్చని మర్చిపోకూడదు. పుస్తకాలు ఉన్నాయి. సాక్షుల పేర్లున్నాయి. వీసా తేదీలున్నాయి. ముందు కాగితాన్ని ప్రశ్నిస్తే, పిల్లను ప్రశ్నించాల్సిన అవసరం సగానికి సగం తగ్గుతుంది.

ఎవరు కూర్చోవాలి, ఏం తేల్చాలి

రాష్ట్రం బయటి హైకోర్టులో పనిచేసి రిటైరైన న్యాయమూర్తి, వీలైతే మహిళ, అధ్యక్షత వహించాలి. ఇక్కడి బార్‌తో, ఇక్కడి పార్టీలతో చుట్టరికం లేనివాళ్లు. పిల్లల మానసిక వైద్యం తెలిసినవారొకరు, రికార్డుల ఆడిట్ తెలిసినవారొకరు, ఫిఖహ్ చదువుకుని ఖాజీ పదవిలో లేని ఒక ఆలిమ్. చివరి పేరు చూసి కొందరు ముఖం చిట్లించవచ్చు. కానీ షరియత్ పేరు చెప్పి తప్పించుకోబోయే వాడికి సమాధానం చెప్పగలిగేది అదే గదిలో కూర్చున్న ఆలిమే.

తేల్చాల్సిన మొదటి సంగతి అరెస్టుల తర్వాతి కథ. 1991 నుంచి పెట్టిన ప్రతి కేసూ ఏమైంది, ఎవరికి శిక్ష పడింది, ఎవరు బెయిల్ మీద దేశం దాటారు, ఏ ఖాజీ నియామకం రద్దయింది, ఎవరు ఇంకా సంతకాలు పెడుతున్నారు? అన్నీ ఒకే పత్రంలో, ప్రజలకు కనిపించేలా పెట్టాలి. ఇందులో కొత్తగా కనిపెట్టాల్సిందేమీ లేదు. కోర్టుల్లో, స్టేషన్లలో, సచివాలయంలో ఉన్నదాన్ని పోగుచేయడమే.

రెండోది, నాలుగో సెక్షన్ తెరిచి ఉంచిన వెనక తలుపు. నియామకం లేనివాడు చదివిన నిఖా మతపరంగా చెల్లుతుందా లేదా అన్నది ఉలమా చూసుకుంటారు. కానీ ఆ కాగితం మీద పాస్‌పోర్టు, వీసా రాకూడదని చెప్పడం ప్రభుత్వం చేతిలో పని. పరదేశీ వరుడికి అతని దేశపు రాయబార కార్యాలయం నుంచి వైవాహిక స్థితి పత్రం లేకుండా సియాహా నకలు తీసుకోకపోవడం, వధువు వయసును బడి రికార్డుతో ఆన్‌లైన్‌లో సరిచూడటం, నిఖాకు ముందే నోటీసు గడువు పెట్టడం కమిషన్ పరిశీలించవచ్చు.

ఇక ఖాజీల్లో ఎక్కువమంది ఈ బురదకు దూరంగా ఉన్నవాళ్లే. వాళ్ల పుస్తకాల్లో ఈ ఊరి వేల పెళ్లిళ్లు పద్ధతిగా నమోదై ఉన్నాయి. ముగ్గురు అరెస్టయితే మొత్తం వర్గానికి మచ్చ అంటుకోవడం వాళ్లకు జరిగే అన్యాయం. ఆ మచ్చను విచారణ తుడవగలదు, మౌనం తుడవలేదు. అందుకే ఈ డిమాండ్ ముందుగా వాళ్ల నుంచే రావాలని నా ఆశ. అత్యాశ కావచ్చు.

కమిషన్ల చట్టం మూడో సెక్షన్‌లో ఒక వెసులుబాటు ఉంది. ప్రభుత్వం తనంత తానుగా విచారణ వేయవచ్చు. రాష్ట్ర చట్టసభ తీర్మానం చేస్తే మాత్రం వేసి తీరాలి, ఇక వేరే మాట లేదు. చార్మినార్, చాంద్రాయణగుట్ట, యాకుత్‌పురా, బహదూర్‌పురా, మలక్‌పేట, కార్వాన్, నాంపల్లి నియోజకవర్గాల నుంచి ఏడుగురు సభ్యులు ఆ సభలో కూర్చుంటారు. ఈ పిల్లలందరూ వాళ్ల ఓటర్ల బిడ్డలే. తీర్మానం పాఠం రాయడానికి ఒక పేజీ చాలు. వచ్చే సమావేశాల్లో ఆ పేజీ పట్టుకుని ముందుగా లేచే సభ్యుడెవరో చూడాలి.